సేంద్రియ ఆహారం: లాభం ఎవరికి, ఖర్చు ఎవరిది?

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అనేకం వ్యవసాయంతో రెండు విధాలుగా ముడిపడి ఉన్నాయి. అనంతపురం, చిత్తూరు, కర్నూలు ప్రాంతాలలో వారికి తాతల నాటి పొలం ఉంటుంది. దానిని అన్నదమ్ములో, కౌలుదారులో సాగు చేస్తుంటారు. నగరంలో మాత్రం వారు బియ్యం, పప్పు, కూరగాయలు కొని తినే వినియోగదారులు. అందువల్ల 'సేంద్రియం' అనే మాట వారికి రెండు చోట్ల రెండు రూపాలలో ఎదురవుతుంది. ఊరిలో అది పెట్టుబడి, దిగుబడి, అప్పు అనే మాటల నడుమ వినిపిస్తుంది. నగరంలో దుకాణపు అరలో, ఆకుపచ్చ పొట్లం మీద, ఆరోగ్యం అనే మాట పక్కన కనిపిస్తుంది. ఈ రెండింటినీ ఒకచోట చేర్చి, సేంద్రియ సాగు వల్ల కలిగే లాభాలు ఎవరికి అందుతున్నాయో, అందుకయ్యే ఖర్చును ఎవరు భరిస్తున్నారో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

సేంద్రియ సాగు అంటే ఏమిటి?

రసాయన ఎరువులు, రసాయన పురుగుమందులు, కలుపు మందులు, జన్యుమార్పిడి విత్తనాలు వాడకుండా, నేలలోని జీవపదార్థాన్ని పెంచుతూ చేసే వ్యవసాయం సేంద్రియ సాగు. ఇందులో భూసారానికి పశువుల ఎరువు, కంపోస్టు, వానపాముల ఎరువు ఆధారం. జీలుగ, జనుము, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట పైర్లను పెంచి, పూత దశలో నేలలో కలియదున్నుతారు. చీడపీడల నివారణకు వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, జిగురు అట్టలు, పక్షి స్థావరాలు, బంతి, ఆముదం వంటి ఎర పంటలు ఉపయోగపడతాయి.

సేంద్రియ సాగులో మందులే వాడరన్న అభిప్రాయం సరికాదు. ప్రకృతిసిద్ధమైన కొన్ని పదార్థాలను నిబంధనలు అనుమతిస్తాయి. రాగితో తయారయ్యే బోర్డో మిశ్రమం వంటి వాటిని పరిమితులకు లోబడి వాడనిస్తాయి.

'ప్రకృతి వ్యవసాయం' దీనికి దగ్గరి బంధువు. మహారాష్ట్రకు చెందిన సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన ఈ పద్ధతిలో బయటి నుండి ఎరువును కొనడం కంటే నేలలోని సూక్ష్మజీవులను ఉత్తేజపరచడం ముఖ్యం. 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవు పేడ, 5 నుండి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మన్ను కలిపి పులియబెట్టే జీవామృతం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఇది ఒక ఎకరానికి సరిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ఈ విధానాన్ని మహిళా సంఘాల ద్వారా గ్రామగ్రామానికీ విస్తరింపజేస్తోంది. తొలకరికి ముందే నవధాన్యాలను చల్లి నేలను పచ్చగా కప్పి ఉంచడం అనంతపురం వంటి మెట్ట ప్రాంతాలలో ఇందులో భాగమయింది.

మొదటి లాభం మందు కొట్టే మనిషిది

సేంద్రియ ఆహారం గురించి నగరంలో జరిగే చర్చ సాధారణంగా తినేవారి ఆరోగ్యంతో మొదలవుతుంది. కానీ పురుగుమందు అత్యధిక మోతాదులో తాకేది తినేవారిని కాదు. దానిని కలిపేవారిని, పిచికారీ చేసేవారిని, తడి ఆరని చేలో కలుపు తీసే కూలీలను. 2017 వానాకాలంలో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలకు మందు కొడుతూ విషప్రభావానికి లోనై 20 మందికి పైగా మరణించారు. వందల మంది ఆసుపత్రులలో చేరారు. కేరళలోని కాసరగోడు జిల్లాలో జీడిమామిడి తోటలపై ఏళ్ల తరబడి హెలికాప్టర్ల ద్వారా చల్లిన ఎండోసల్ఫాన్ అక్కడి పల్లెలలో తీవ్రమైన అనారోగ్యాలకు కారణమయిందన్న ఫిర్యాదుల నేపథ్యంలో, 2011 మే 13న సుప్రీంకోర్టు ఆ మందు ఉత్పత్తిని, అమ్మకాన్ని, వాడకాన్ని దేశమంతటా నిలిపివేసింది. రసాయన పురుగుమందులు తగ్గినప్పుడు మొదట ఊపిరి పీల్చుకునేది ఈ శ్రామికులే.

తినేవారికి కలిగే లాభం గురించి శాస్త్రీయ పరిశోధనలు చెప్పేది ప్రకటనలు చెప్పేదానికంటే మితంగా ఉంది. 2012లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అప్పటి వరకు వెలువడిన అధ్యయనాలను సమీక్షించి, పోషక విలువలలో సేంద్రియ ఆహారం గణనీయంగా మెరుగైనదనడానికి బలమైన ఆధారం లేదని తేల్చారు. అయితే పురుగుమందుల అవశేషాలు కనిపించే అవకాశం సేంద్రియ ఉత్పత్తులలో తక్కువని వారే చెప్పారు. 2014లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ న్యూట్రిషన్‌లో 343 అధ్యయనాలను సమీకరించిన మరొక పరిశీలన వెలువడింది. సేంద్రియ పంటలలో యాంటీఆక్సిడెంట్లు ఎక్కువగా, కాడ్మియం అనే హానికర లోహం తక్కువగా ఉన్నాయని, సాధారణ పంటలలో పురుగుమందుల అవశేషాలు నాలుగు రెట్లు ఎక్కువ తరచుగా కనిపించాయని అది పేర్కొంది. అవశేషాలు తక్కువన్న విషయంలో రెండూ ఏకీభవిస్తున్నాయి. పోషకాల విషయంలో ఏకాభిప్రాయం లేదు. సేంద్రియ ఆహారం మధుమేహాన్నో, క్యాన్సరునో నయం చేస్తుందన్న మాటలను నమ్మి వైద్యం మానుకోవడం ప్రమాదకరం.

మూడవ లాభం నేలది. జీవపదార్థం పెరిగిన నేల గుల్లబారి, వాన నీటిని ఎక్కువగా ఇముడ్చుకొని, బెట్టను కొంతకాలం తట్టుకుంటుంది. వర్షాధారంగా వేరుశనగ పండించే రాయలసీమ మెట్ట రైతుకు ఇది దిగుబడి లెక్కలో వెంటనే కనిపించకపోయినా, కరవు ఏట ఆసరాగా నిలిచే గుణం.

ఖర్చులో పెద్ద భాగం రైతుది

2012లో నేచర్ పత్రికలో ప్రచురితమైన ఒక విశ్లేషణ ప్రకారం, సేంద్రియ దిగుబడులు సాధారణ సాగు కంటే 5 నుండి 34 శాతం వరకు తక్కువ. వర్షాధారపు పప్పుజాతి పంటలలో, బహువార్షిక పంటలలో వ్యత్యాసం స్వల్పం. సేంద్రియ పద్ధతులను ఉత్తమంగా పాటించినచోట అది 13 శాతం. అంటే నష్టం పంటను బట్టి, నేలను బట్టి, రైతు నైపుణ్యాన్ని బట్టి మారుతుంది.

దిగుబడి తగ్గుదల కంటే కఠినమైనది మార్పిడి కాలం. రసాయనాలు మానిన వెంటనే పంటకు సేంద్రియ ధ్రువీకరణ లభించదు. ఏకవార్షిక పంటలకు సాధారణంగా రెండేళ్లు, మామిడి, కొబ్బరి వంటి బహువార్షిక తోటలకు మూడేళ్లు నిరీక్షించాలి. ఆ కాలంలో దిగుబడి తగ్గుతుంది. ధర మాత్రం మామూలు ధరే.

ఒక ఊహాత్మక లెక్కతో దీనిని అర్థం చేసుకోవచ్చు. ఎకరాకు 28 బస్తాల వరి పండించే రైతుకు, సేంద్రియ సాగులోకి మారిన తొలి ఏడు 22 బస్తాలు వచ్చాయనుకుందాం. బస్తా ధర ₹1,700 అయితే ఆరు బస్తాల నష్టం ₹10,200. ఎరువులు, పురుగుమందులపై ₹7,000 మిగిలిందని, కలుపుతీతకు, కషాయాల తయారీకి అదనపు కూలి ₹3,000 అయిందని అనుకుంటే, నికర నష్టం ₹6,200. ఆ ఏడు నష్టం రాకుండా ఉండాలంటే బస్తాకు దాదాపు ₹280 అదనంగా రావాలి. మార్పిడి కాలం గనుక అది రాదు. నేల కోలుకొని దిగుబడి 25 బస్తాలకు చేరినప్పుడు, అదే లెక్క ప్రకారం నికర నష్టం ₹1,100కు దిగుతుంది. బస్తాకు ₹44 అదనంగా లభిస్తే రైతు గట్టెక్కుతాడు. అంకెలు ఊరూరికీ మారినా ఇందులోని సూత్రం మారదు: భారమంతా మొదటి రెండు మూడు సంవత్సరాలలోనే కేంద్రీకృతమై ఉంది.

ఈ భారాన్ని అందరు రైతులూ సమానంగా మోయలేరు. సొంత భూమి, పశువులు, ఇంటిలో పనిచేసే చేతులు ఉన్న కుటుంబం కొంత తట్టుకోగలదు. ఏడాదికొకసారి కౌలు ఒప్పందం మారే రైతు పరిస్థితి వేరు. మూడేళ్ల శ్రమతో అతడు బాగుచేసిన నేల నాలుగవ ఏట మరొకరి చేతికి పోవచ్చు. పైగా కౌలు మొత్తం ముందే నిర్ణయమవుతుంది కనుక, దిగుబడి తగ్గినా అది తగ్గదు. నగరంలో ఉంటూ ఊరిలోని పొలాన్ని కౌలుకిచ్చిన కుటుంబాలు ఆలోచించవలసిన విషయమిది. సేంద్రియ ఆహారాన్ని కోరుకునే భూయజమాని తన కౌలుదారుకు మూడు నాలుగేళ్ల ఒప్పందం ఇచ్చి, తొలి రెండేళ్ల కౌలును కొంత తగ్గిస్తే, దుకాణంలో చెల్లించే అధిక ధర కంటే ఆ సాయం నేరుగా పొలానికి చేరుతుంది.

శ్రమలోనూ అసమానత ఉంది. కలుపు మందు మానినచోట కొడవలి, దోకుడుపార పట్టేది ఎక్కువగా స్త్రీలే. పేడ ఎత్తడం, కషాయం కాచడం, జీవామృతం కలపడం తరచుగా ఇంటి ఆడవారి పనుల జాబితాలో చేరుతాయి. ఈ శ్రమకు కూలి కట్టకుండా వేసిన లెక్కలో సేంద్రియ సాగు చవకగా కనిపిస్తుంది. కూలి కట్టి చూస్తే అసలు ఖర్చు తెలుస్తుంది.

చవక ధర కూడా పూర్తి ధర కాదు

సేంద్రియ ఆహారం ఖరీదైనదన్నప్పుడు దానిని పోల్చేది సాధారణ ఆహారపు ధరతో. ఆ ధరలోనూ కొన్ని ఖర్చులు కనిపించవు. 45 కిలోల యూరియా బస్తాను రైతు సుమారు ₹266కు కొంటాడు. అసలు ఖర్చులో అధిక భాగాన్ని కేంద్ర ప్రభుత్వం రాయితీగా భరిస్తుంది. ఆ రాయితీ పౌరుల పన్నుల నుండి వచ్చినదే. భూగర్భ జలాలలో చేరిన నైట్రేట్లు, మందు తగిలిన కూలీ ఆసుపత్రి ఖర్చు, సారం కోల్పోయిన నేల ఏ బిల్లులోనూ చేరవు.

అలాగే, దుకాణంలో సేంద్రియ వస్తువుపై వేసే అదనపు ధర అంతా రైతుకు చేరుతుందని అనుకోరాదు. సరుకు కొద్ది మొత్తాలలో వస్తుంది. దానిని సాధారణ సరుకుతో కలవకుండా వేరుగా రవాణా చేయాలి, వేరుగా నిల్వ చేయాలి. అమ్ముడుపోక వాడిపోయేది కూడా ఎక్కువే. ఈ ఖర్చులన్నీ కొనుగోలుదారు మీదనే పడతాయి. రైతుల నుండి నేరుగా కొనే వారాంతపు సంతలు, అపార్ట్‌మెంటు సంఘాల ఉమ్మడి కొనుగోళ్లు కొంతవరకు ఈ అంతరాన్ని తగ్గించగలవు.

తొందరపాటు, సహనం: మూడు అనుభవాలు

శ్రీలంక ప్రభుత్వం 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. విదేశీ మారకద్రవ్యపు కొరత కూడా ఆ నిర్ణయం వెనుక ఉంది. రైతులకు ప్రత్యామ్నాయ ఎరువులు గానీ, శిక్షణ గానీ, సమయం గానీ అందలేదు. వరి దిగుబడి పడిపోయింది, తేయాకు పరిశ్రమ దెబ్బతిన్నది, బియ్యం దిగుమతి చేసుకోవలసి వచ్చింది. కొద్ది నెలలకే, అదే ఏడాది నవంబరులో, ప్రభుత్వం వెనుకకు తగ్గింది.

సిక్కిం 2003లో సేంద్రియ మార్గాన్ని ప్రకటించి, క్రమంగా రాయితీలు తొలగిస్తూ, శిక్షణ ఇస్తూ, 2016 జనవరిలో సంపూర్ణ సేంద్రియ రాష్ట్రంగా గుర్తింపు పొందింది. అక్కడ సాగుభూమి సుమారు 75 వేల హెక్టార్లే. రసాయనాల వాడకం మునుపటి నుండి తక్కువే. అయినా పదమూడేళ్లు పట్టింది.

మూడవది తెలుగు నేలకు చెందినది. పత్తి, మిరప చేలకు విపరీతంగా మందులు కొట్టి అప్పులపాలైన నాటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం, 2003లో తనను తాను పురుగుమందులు లేని గ్రామంగా ప్రకటించుకుంది. అక్కడి రైతులు ముందుగా పురుగుమందులను మాత్రమే వదిలారు. వేపగింజల కషాయాన్ని, ఎర పంటలను ఆశ్రయించారు. ఈ 'పురుగుమందులు లేని సాగు' అనుభవమే తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేల గ్రామాలకు విస్తరించిన కార్యక్రమానికి దారి చూపింది. అన్నింటినీ ఒకేసారి మానడం సాధ్యం కానిచోట, అత్యంత హానికరమైనదానిని ముందుగా మానడం అర్థవంతమైన మెట్టు అని పునుకుల నిరూపించింది.

కొనే ముందు చూడవలసిన గుర్తులు

అధిక ధర చెల్లించేవారికి అసలైన సరుకు పొందే హక్కు ఉంది. సేంద్రియ ఆహార పదార్థాలపై భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2017లో ప్రత్యేక నిబంధనలు జారీచేసింది. వాటి ప్రకారం సేంద్రియమని చెప్పి అమ్మే సరుకుకు రెండు విధానాలలో ఏదో ఒకదాని ధ్రువీకరణ ఉండాలి.

మొదటిది జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం. గుర్తింపు పొందిన బయటి సంస్థ పొలాన్ని, దస్తావేజులను తనిఖీ చేస్తుంది. దాని గుర్తు 'ఇండియా ఆర్గానిక్'. రెండవది భాగస్వామ్య హామీ విధానం, అంటే 'పీజీఎస్-ఇండియా'. ఇందులో కనీసం అయిదుగురు రైతులు బృందంగా ఏర్పడి ఒకరి పొలాన్ని మరొకరు తనిఖీ చేసుకుంటారు. ఖర్చు స్వల్పం కనుక చిన్న రైతులకు ఇది అనుకూలం. మార్పిడి దశలో ఉన్న పంటకు 'పీజీఎస్-గ్రీన్', మార్పిడి పూర్తయిన పంటకు 'పీజీఎస్-ఆర్గానిక్' అనే గుర్తులు ఇస్తారు. ఆ 'గ్రీన్' పంటను కొనేవారు, అత్యంత కష్టమైన కాలంలో రైతుకు తోడు నిలిచినవారవుతారు.

ఈ రెండింటికీ ఉమ్మడిగా 2017లో 'జైవిక్ భారత్' చిహ్నాన్ని ప్రవేశపెట్టారు. గుర్తుల రూపం కాలక్రమంలో మారవచ్చు. కనుక చిత్రాన్ని మాత్రమే చూసి ఊరుకోక, పొట్లంపై ధ్రువీకరణ వివరాలు, 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు సంఖ్య ఉన్నాయో లేదో చూడాలి.

ఒక మినహాయింపును కూడా గుర్తించాలి. ఏటా ₹12 లక్షల లోపు అమ్మకాలున్న చిన్న ఉత్పత్తిదారులు వినియోగదారులకు నేరుగా అమ్మేటప్పుడు ధ్రువీకరణ తప్పనిసరి కాదు. అయితే వారు జైవిక్ భారత్ చిహ్నాన్ని వాడరాదు. సంతలో గుర్తు లేకుండా అమ్మే రైతు మోసగాడని దీనిని బట్టి అనుకోరాదు. అతని ఊరేదో, ఎరువుగా ఏమి వాడుతున్నాడో, తెగులు వస్తే ఏమి చేస్తున్నాడో అడగడం కొనుగోలుదారు పని.

'న్యాచురల్', 'ఫామ్ ఫ్రెష్', 'దేశీ', 'ఆకుపచ్చ' వంటి మాటలు ధ్రువీకరణలు కావు. సహకార దుకాణాలలో దొరికే కూరగాయలు తాజావై, ధర న్యాయమైనదై ఉండవచ్చు; తాజాదనం వేరు, సేంద్రియత వేరు.

పరిమిత ఆదాయంలో ఇంటి లెక్క

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాలు, రోజుకు 2,000 కిలోకేలరీల ఆహారంలో 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలని సూచిస్తున్నాయి. ఒక కుటుంబం కూరగాయలపై నెలకు ₹2,000 ఖర్చు చేస్తున్నదనుకుందాం. సేంద్రియ ధర ఒకటిన్నర రెట్లుంటే, అదే డబ్బుకు వచ్చేది మూడింట రెండు వంతుల కూర మాత్రమే. 400 గ్రాములు తినవలసిన మనిషికి దాదాపు 267 గ్రాములే దక్కుతాయి. పిల్లల పళ్లెంలో కూర తగ్గించి సేంద్రియం కొనడం ఆరోగ్యానికి మేలు చేయదు. కూరగాయలు తగినంత తినడం వల్ల కలిగే ప్రయోజనం నిస్సందేహమైనది. స్థోమత లేని కుటుంబం సాధారణ కూరగాయలు తింటున్నందుకు బాధపడనవసరం లేదు.

అన్నింటినీ ఒకేసారి మార్చలేనివారు ఒకటి రెండు వస్తువులతో మొదలుపెట్టవచ్చు. తొక్క తీయకుండా తినే పండ్లు, ఆకుకూరలు, మిరప, కరివేపాకు వంటివి ముందు వరుసలోనివి. కొర్ర, రాగి, కంది వంటి మెట్ట పంటలలో ధరల అంతరం తక్కువగా ఉంటే వాటిని ఎంచుకోవచ్చు. కొత్తిమీర, పాలకూర, కరివేపాకును మిద్దె మీద కుండీలలో పెంచుకోవచ్చు.

ఏ కూరగాయనైనా ధారగా పారే నీటిలో రుద్ది కడగాలి. దీనివల్ల పైపైన అంటిన మందు కొంత పోతుంది. మొక్క లోపలికి ఇంకిన మందు పోదు. సేంద్రియ కూరగాయలకూ ఈ నియమం వర్తిస్తుంది, ఎందుకంటే పశువుల ఎరువులోని హానికర సూక్ష్మజీవులు ఆకులను అంటి ఉండవచ్చు.

నగరం తీర్చవలసిన బాకీ

పొలం నుండి నగరానికి వచ్చే ప్రతి బస్తాతో నేల సారంలో కొంత తరలివస్తుంది. పూర్వం ఇంటి చెత్త పెంటకుప్పకు, అక్కడి నుండి చేనికి తిరిగి చేరేది. నగరంలో ఆ దారి తెగిపోయింది. పశువులు తగ్గిన పల్లెలలో సేంద్రియ ఎరువు దొరకడమే కష్టమవుతుంటే, అదే ఎరువు కాగల కూరగాయల తొక్కలు నగర శివార్లలో గుట్టలుగా కుళ్లుతున్నాయి.

1975లో ఏర్పడిన కర్ణాటక కంపోస్టు అభివృద్ధి సంస్థ వంటివి నగరపు తడి చెత్తను ఎరువుగా మార్చి పొలాలకు పంపే పని చేస్తున్నాయి. అయితే ఎరువు నాణ్యత ఇంటి వంటగదిలోనే నిర్ణయమవుతుంది. తడి చెత్తలో బ్యాటరీలు, పగిలిన బల్బులు, రంగు డబ్బాలు కలిస్తే, వాటిలోని సీసం, కాడ్మియం, పాదరసం కంపోస్టులోకి, దాని నుండి నేలలోకి చేరతాయి. అందుకే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు నగర కంపోస్టులో ఈ లోహాలకు పరిమితులు విధించింది. పాల సంచీ ముక్కలు, శానిటరీ వస్తువులు కలిసిన ఎరువును ఏ రైతూ చేనికి తోలుకోడు. తడి చెత్తను శుభ్రంగా వేరుచేసి ఇవ్వడానికి పైసా ఖర్చు లేదు. సేంద్రియ బియ్యం కొనలేని కుటుంబం కూడా సేంద్రియ సాగుకు ఈ విధంగా తోడ్పడగలదు.

సారాంశం

సేంద్రియ సాగు వల్ల మొదటి లాభం పొలంలో పనిచేసేవారిది, తరువాత నేలది, ఆ తరువాత తినేవారిది. ఖర్చులో మొదటి భాగం మార్పిడి కాలంలోని రైతుది, అందులోనూ కౌలు రైతుకు, స్త్రీల శ్రమకు తగిలేది ఎక్కువ. నగర వినియోగదారు చెల్లించే అదనపు ధర సరైన చోటికి చేరితేనే ఈ లెక్క సరితూగుతుంది. ధ్రువీకరణను పరిశీలించడం, మార్పిడి దశలోని రైతు వద్ద కొనడం, ఊరి పొలానికి దీర్ఘకాలిక కౌలు ఇవ్వడం, తడి చెత్తను వేరుచేయడం అనేవి అందుకు ఉన్న మార్గాలు.

చర్చకు ప్రశ్నలు

1. మార్పిడి కాలంలో రైతుకు కలిగే నష్టాన్ని ఎవరు, ఏ విధంగా పంచుకోవాలి?
2. ఇంటిలోని ఒక సేంద్రియ పొట్లాన్ని తీసుకొని, దానిపై ఉన్న గుర్తులను, సంఖ్యలను పరిశీలించి, ఏ విధానంలో ధ్రువీకరణ పొందినదో గుర్తించండి.
3. శ్రీలంక, సిక్కిం, పునుకుల అనుభవాలను పోల్చి, కాలవ్యవధికి ఉన్న ప్రాధాన్యాన్ని వివరించండి.
4. వారం రోజుల పాటు ఇంటి తడి చెత్తను తూచి, అందులో ఎరువు కాదగినది ఎంతో లెక్కించండి.